గడియ తీసినోళ్లు

ఏడు నెలలుగా కావలి ఈరప్ప చెయ్యి కోట దర్వాజా గడియ మీదే ఉంది. తీయడు, వదలడు. బయట శత్రు సైన్యం, లోపల దాహంతో నాలుకలు వెళ్లబెట్టిన పశువులు, నడుమ ఈరప్ప. వాణ్ని అక్కడ నిలబెట్టిన కురుమూర్తి మాత్రం పెబ్బేరులో తన ఇంటి ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని, రోజూ పొద్దున్నే కలం మూత తీస్తున్నాడు, మళ్లీ పెడుతున్నాడు. మూత వదులైపోయింది గానీ ఇరవై మూడో అధ్యాయం ఒక్క వాక్యం కూడా కదల్లేదు.

కురుమూర్తి పశువుల దవాఖానాలో కాంపౌండరు. ఊళ్లలో మాత్రం అందరికీ డాక్టరు సారే, ఆ మాటను సరిదిద్దే ఓపిక ఆయనకు ఎన్నడూ లేదు. వయసు యాభై రెండు. చరిత్ర నవలలు రాసేవాళ్లు గ్రంథాలయాల్లో దుమ్ము పీల్చి రాస్తారంటారు. ఈయన పీల్చింది పేడ వాసన. బదిలీల మీద బదిలీలతో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు వైపులా తిరిగి, అరుగుల మీద చాయ్ తాగుతూ విన్న ముచ్చట్లన్నీ కలిపి, చింతమాను కోట అనే సంస్థానాన్ని పునాది రాయి నుంచి బురుజు దాకా తన తలలో కట్టుకున్నాడు. అలాంటి కోట కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఎక్కడా లేదు, ఎన్నడూ లేదు. దాని మీద నాలుగు సంపుటాలు రాయాలని పూనుకొని రెండు అచ్చు వేయించాడు. అవి జనానికి నచ్చాయి. చిక్కంతా అక్కడే వచ్చింది.

నాలుగు సంపుటాల పథకమూ ఒక పాత టీకాల రిజిస్టరు వెనక పేజీల్లో ఉంది. మూడో సంపుటం కింద ఒకే ఒక్క వాక్యం రాసి, దాని కింద రెండు గీతలు గీసుకున్నాడు: "ఈరప్ప తనే గడియ తీస్తాడు." మిగతాదంతా ఈ వాక్యం కోసం వేసిన దారి.

ఆ వాక్యం పెబ్బేరు సంతలో పుట్టింది. వానలు లేని ఒక ఏడు, వనపర్తి అవతలి నుంచి ఒక రైతు ఎద్దుల జత తోలుకొచ్చాడు. గడ్డి లేదు, నీళ్లు లేవు, కొనేవాడు కోతకు కొంటున్నాడని అందరికీ తెలుసు. ఆ రైతు కురుమూర్తి దగ్గర మంచినీళ్ల సీసా అడిగి తీసుకొని, తను రెండు గుక్కలు తాగి, మిగిలింది దోసిట్లో పోసి ఎద్దుకు పట్టాడు. తర్వాత తన చేత్తోనే పగ్గం విప్పి దళారీ చేతిలో పెట్టాడు. ఆ మనిషి చెడ్డవాడు కాడు. ఆ సంతలో అంత మంచివాడు ఇంకొకడు లేడేమో కూడా. మంచివాడు తన చేత్తో తనే విప్పి ఇచ్చే రోజు ఎట్లా వస్తుంది అన్న ప్రశ్న కురుమూర్తిని పట్టుకుంది. దాని దగ్గరికి చేరడానికి ఆయనకు తొమ్మిది వందల పేజీలు పట్టింది. తీరా చేరాక రాయలేకపోతున్నాడు.

రాయలేకపోవడానికి కారణం మానవపాడు దగ్గర రేగుదిన్నె అనే ఊళ్లో ఉంది.

పన్నెండేళ్ల కిందట ఆ ఊళ్లో రాధమ్మ అనే ఆమె బర్రె ఈనలేక పడిపోతే కురుమూర్తి వెళ్లి దూడను బయటికి తీశాడు. చేతులు కడుక్కొని చాయ్ తాగుతుంటే పెంటకుప్ప పక్కన నిలువెత్తు రాయి కనబడింది. ఒక చేత కత్తి పట్టి, రెండో చెయ్యి పైకెత్తి నిలుచున్న మనిషి బొమ్మ. ఎవరమ్మా ఇతను అని అడిగితే, "ఏమో సారూ, ఎవరో మొగోడు" అంది రాధమ్మ. అంతే. ఆ పేరులేని మొగవాణ్ని కురుమూర్తి తన నవలలోకి తోలుకొచ్చి ఈరప్ప అని పేరు పెట్టాడు. పనిలో పనిగా రాధమ్మ ఇంటిని కూడా తెచ్చి వాడికి ఇచ్చాడు: పడమటి దిక్కు తలుపు, మూడు మెట్లు, నడిమి మెట్టు పగిలి ఉంటుంది, పక్కన రాతి కుడితితొట్టి. ఇల్లు అరువు తెచ్చుకుంటే ఎవరికేం నష్టం అనుకున్నాడు. రేగుదిన్నెలో పడమటి తలుపు ఉన్న ఇల్లు ఒక్కటేనన్న సంగతి ఆయనకు తట్టలేదు.

రెండో సంపుటంలో ఈరప్ప పదకొండు రోజులు దర్వాజా వదలకుండా నిలబడ్డాడు. ఊళ్లో చదువుకున్న పిల్లలు ఆ పుస్తకం చదివారు, పడమటి తలుపు చూశారు, పగిలిన మెట్టు చూశారు. వారం తిరక్కుండా రాయిని కడిగారు. నెల తిరక్కుండా గద్దె కట్టారు. ఈరప్ప మీసాలకు నల్ల రంగు, పంచెకు పచ్చ రంగు పడ్డాయి. ఏటా ఒక రోజు జాతర పెట్టుకున్నారు. మొదటి దీపం రాధమ్మ చేతి మీదుగా వెలిగించాలని తీర్మానించారు, ఆమె ఈరప్ప ఇంటి మనిషి కదా మరి.

ఆ మొదటి జాతరకు కురుమూర్తిని పిలిచారు. ట్రాక్టరు మీద కూర్చోబెట్టి డప్పులతో ఊరంతా తిప్పి, శాలువా కప్పారు. అప్పుడు గోవిందు అనే పెద్దమనిషి మైకు తీసుకొని నిలబడి అడిగాడు.

"సారూ, ఒక్కటే మాట. పక్కూరోళ్లు మమ్మల్ని ఎక్కిరిస్తుండ్రు. మా ఈరప్పది నిజమా, కట్టుకతనా? మీ నోటితోని మీరే చెప్పుండ్రి."

కట్టుకథే అని చెప్పడానికి ఒక్క క్షణం చాలు. కానీ ఎదురుగా ఊరు ఊరంతా కూర్చొని ఉంది. శాలువా భుజాల మీద వెచ్చగా ఉంది. ఇరవై ఏళ్లుగా రాస్తుంటే ఆయనకు దక్కిన మొదటి శాలువా అది. మైకు నోటి దగ్గర పెట్టుకొని, "నిజం కాకపోతే నేనెట్ల రాస్త?" అన్నాడు కురుమూర్తి. చప్పట్లతో గద్దె దద్దరిల్లింది. ఆ మాటను నలుగురు ఫోన్లలో పట్టుకున్నారు, పొద్దుగుంకేలోపు అది మూడు జిల్లాలూ తిరిగింది. పెద్ద మనిషి, చదువుకున్న మనిషి, బుద్ధి మాత్రం ఆ శాలువా మడతల్లో పారేసుకున్నాడు.

పాలమూరు వైపు ఊళ్లలో ఇంటిపేరు అనేది రేషన్ కార్డుకే పనికొస్తుంది. ఇంటికి అసలు పేరు ఊరు పెడుతుంది. ఎప్పుడో ఎవడో చేసిన ఒక పనికి పడిన పేరు ఏడు తరాలు నడుస్తుంది. రాధమ్మ అత్తగారిది తలారి ఇల్లు. ఊరికి కావలి కాసి, కబుర్లు మోసి, దానికి బదులుగా సాయంత్రం గంప పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి అన్నం తెచ్చుకునేవారు. అందుకని వాళ్లను బువ్వగంపోళ్లు అన్నారు. ఆ గంప పోయి యాభై ఏళ్లయింది, రాధమ్మ కొడుకు సొంత ఆటో నడుపుకుంటున్నాడు, అయినా పేరు పోలేదు. పుస్తకం వచ్చాక పోయింది. ఇప్పుడు ఊరంతా వాళ్లను ఈరప్పోళ్లు అంటోంది.

ఇప్పుడు మూడో సంపుటంలో ఆ ఈరప్ప చేత గడియ తీయిస్తే ఏమవుతుందో కురుమూర్తికి బాగా తెలుసు. గడియ ఎందుకు తీశాడు, ఎంత ఏడ్చి తీశాడు అన్నది ఊరికి అక్కర్లేదు. గడియ తీసినోళ్లు అన్న మాట ఒక్కటి చాలు, రాధమ్మ మునిమనుమల పెళ్లిళ్లలో కూడా అది వినబడుతుంది. ఈరప్ప తీయకపోతే మాత్రం నాలుగు సంపుటాలూ దేనికీ పనికిరావు. ఆయన తన కోటలో తనే చిక్కాడు, దానికి దర్వాజా కూడా తనే పెట్టుకున్నాడు.

పుస్తకాలను వనపర్తిలో ఉజ్మా టైపు చేసేది. ఆమె తండ్రి అమానుల్లా నడిపిన ప్రెస్సు మూతపడితే అదే గదిలో రెండు కంప్యూటర్లు పెట్టుకొని పెళ్లి పత్రికలు, అర్జీలు, కరపత్రాలు కొడుతుంది. కురుమూర్తి చేతిరాత చదవగలిగింది ఈ లోకంలో ఆమె ఒక్కతే. రెండు సంపుటాలూ అందరికంటే ముందు చదివిందీ ఆమే. ఈ ఏడు నెలల్లో ఆయన ఆమె దగ్గరికి మూడు రకాల ఇరవై మూడో అధ్యాయాలు తీసుకెళ్లాడు.

మొదటిదాంట్లో ఈరప్ప బాణం తగిలి చనిపోతాడు, తర్వాత ఎవడో తలుపు తీస్తాడు. ఉజ్మా రెండు పేజీలు కొట్టి ఆగిపోయింది.

"పదకొండు దినాలు నిలబెట్టి గిట్ల సంపుతరా సార్? ఎవడో తీసిండంటే ఎవడు? పేరు లేదా వానికి?"

రెండోదాంట్లో కోట రాణీగారే గడియ తీయమని ఆజ్ఞాపిస్తుంది. "గట్లయితే ఈరప్పకు పరేషాన్ ఏముంది? చెప్పిన్రు, తీసిండు. నౌకరీ చేసిండు, అంతే గదా" అంది ఉజ్మా.

మూడోదాంట్లో పిడుగు పడి దర్వాజా దానంతట అదే విరుగుతుంది. ఇది చదివి ఉజ్మా కుర్చీ ఇటు తిప్పింది. నవ్వు ఆపుకోవడానికి కాసేపు పట్టింది.

"సార్, నేను చిన్నదాన్ని. చెప్పకూడదు గానీ చెప్త. రెండో భాగంల ఈరప్ప తన వంతు నీళ్లు ఎద్దుకు పోసిన కాడ నాకు సమజైంది, వీడు ఏదో ఒకనాడు తీస్తడని. తీసినప్పుడు వీడి మీద కోపం రాదు, ఏడుపొస్తది అనుకున్న. మీరు పిడుగును తెచ్చి పెట్టిన్రు."

"నేను మైకుల చెప్పిన మాట నీకు తెల్వదా ఉజ్మా?"

"తెలుసు. నా ఫోన్లకు కూడ వచ్చింది." ఆమె కాగితాలు సర్ది ఆయన చేతిలో పెట్టింది. "ఎవరికి చెప్పిన్రో వాళ్ల కాడికే పోయి, జర ఒప్పుకోండి సార్. నా కాడికి ఎన్నిసార్లు తెచ్చినా ఇది అతకదు."

ఆ మాటకు కురుమూర్తికి కోపం వచ్చింది. బస్సులో పెబ్బేరు చేరేసరికి కోపం దిగి సిగ్గు మిగిలింది. ఇంటికి వస్తే భార్య ఉమారాణి చాయ్ గ్లాసు పెడుతూ, "ఈరప్పకు కూడ ఒకటి పెట్టమంటవా? పాపం, ఏడు నెలల సంది నిలబడ్డడు" అంది. రోజూ అయితే నవ్వేవాడు. ఆ రోజు చాయ్ చల్లారిపోయే దాకా గ్లాసు ముట్టుకోలేదు.

నాలుగు రోజులు తాత్సారం చేసి, ఐదో రోజు సెలవు పెట్టి రేగుదిన్నె వెళ్లాడు. చేతిలో ఎందుకైనా మంచిదని మందుల సంచి పట్టుకున్నాడు. ఎవరైనా ఎదురుపడితే గొడ్లను చూడవచ్చానని చెప్పవచ్చు. ఒక అబద్ధం ఒప్పుకోవడానికి పోతూ ఇంకో అబద్ధం సంచిలో వేసుకున్నాడు మహానుభావుడు.

రాధమ్మ గద్దె దగ్గరే ఉంది. ఈరప్ప పాదాల దగ్గర ఎండిన పూలు ఏరి బుట్టలో వేస్తోంది. అరవై దాటిన మనిషి, ఇంకా వంగి పనిచేస్తుంది. కొడుకు ఆటో తీసుకొని గద్వాల పోయాడని, కోడలు మిరప చేనుకు పోయిందని చెప్పి, ఇంటికి తీసుకెళ్లి వాకిట్లో మంచం వాల్చింది. కురుమూర్తి కూర్చోలేదు. నిలబడే మొదలుపెట్టాడు.

"అమ్మా, నేను ఒక తప్పు చెప్పిన. ఆ దినం మైకుల..."

"ఈరప్ప లేడని చెప్పనీకె వచ్చినవా సారూ?"

రాధమ్మ బుట్ట కింద పెట్టి మెట్టు మీద కూర్చుంది.

"ఆ రాయి మా మామ వాగులకెల్లి బండి మీద తెచ్చిండు, బట్టలుతకనీకె. మా అత్త చూసి, మనిషి బొమ్మ ఉన్నది, దీనిమీద గుడ్డలు ఎట్ల బాదుతమని పక్కకు పెట్టించింది. నేను కొత్త కోడలిని అప్పుడు. గీడనే నిలబడి చూసిన. నాకు తెల్వదా?"

"మరి ఆ దినం ఎందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు మైకుల చెప్తుంటె నీ దిక్కే చూసిన. నువ్వు ఊరందరి దిక్కు చూసినవు, నా దిక్కు చూడలే. అప్పుడే అనుకున్న, ఈ సారుకు తెలుసు అని." ఆమె గొంతులో కోపం లేదు. "నువ్వు చెప్పినంక నేను కాదంటె ఎట్ల? నా కొడుకు ఆటో కాడికి పోతె, ఏయ్ బువ్వగంపోడా, మానవపాడు పోతవా అని పిలుస్తుండ్రి. నలభై ఏండ్లు ఇన్న సారూ ఆ మాట. ఇప్పుడు మూడేండ్ల సంది ఎవ్వరు అంటలేరు. నేను అబద్ధం చెప్పలే, ఊకున్న. గంతే."

కురుమూర్తి అప్పుడు కూర్చున్నాడు. మూడో సంపుటంలో జరగాల్సింది మొత్తం చెప్పాడు. నీళ్లు అయిపోవడం, పశువులు ఒక్కటొక్కటిగా కూలడం, ఈరప్ప చెయ్యి గడియ మీదికి పోవడం. అంతా విన్నాక రాధమ్మ పమిటతో కళ్లు తుడుచుకుంది.

"తీస్తడు సారూ. మనిషన్నోడు తియ్యకుంటె ఎట్ల? గొడ్లు గట్ల సస్తుంటె నేనైనా తీస్త."

ఆ మాటతో కురుమూర్తికి ప్రాణం లేచొచ్చింది. "అయితే రాయాల్నా అమ్మా?"

"రాయి. నీకు రాయకుంటె నడవదని సమజైతుంది. కానీ ఈరప్ప తీసిండని రాయకు. మంచోడే తీసిండు అని నువ్వు ఎంత మంచిగ రాసినా, ఊరు దాన్ని కడ దాక చదవదు. ఇంకోని పేరు పెట్టు."

"ఎవరి పేరు పెట్టినా అది ఎవరో ఒకరి ఇంటికి తగుల్తది గదమ్మా."

"తగుల్తది." రాధమ్మ ఆయన ముఖంలోకి నేరుగా చూసింది. "నీ ఇంటికి పేరు లేదా సారూ? మీ ఊర్ల మీ ఇంటిని ఏమంటరు?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఆయనను ఎవరూ అడగలేదు. బల్మూరు పక్క ఊళ్లో కురుమూర్తి ఇంటిని గుడ్డెద్దోళ్లు అంటారు. వాళ్ల ముత్తాత ఎవడో ఒక గుడ్డి ఎద్దును చూపున్న ఎద్దుగా సంతలో అంటగట్టి వచ్చాడట. ఆ ముచ్చట చెప్పుకొని ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్లు. కానీ ఉద్యోగం వచ్చి ఊరు దాటాక ఆయన ఆ పేరు ఎక్కడా నోట రానివ్వలేదు, ఉజ్మాకు కూడా తెలియదు. ఇప్పుడు రాధమ్మ ముందు చెప్పాడు.

"గుడ్డెద్దోళ్లు అంటరు."

రాధమ్మ నవ్వలేదు. "మా ఇల్లు అడగకుండ తీసుకున్నవు గదా, ఈసారి నీది పెట్టుకో" అంది. తర్వాత లేచి, చాయ్ పెడతానని లోపలికి పోయింది.

తిరుగు బస్సులో కురుమూర్తి కిటికీకి తల ఆనించి కూర్చున్నాడు. తనకు పుస్తకం మిగలాలి, ఆమెకు పేరు మిగలాలి. రెండూ నిలబడాలంటే ఇంకో దారి లేదు, ఉందేమోనని పెబ్బేరు దాకా వెతికాడు. రెండో సంపుటంలో రెండంటే రెండుసార్లు కనబడి, ఈరప్పకు పొగాకు ఇచ్చిపోయిన పేరులేని కావలివాడు ఒకడున్నాడు. బస్సు దిగేసరికి వాడికి పేరు పడింది. గుడ్డెద్దు మాసయ్య, బల్మూరు దిక్కు నుంచి పొట్ట చేతపట్టుకొని కోటకు వచ్చినవాడు.

ఇరవై మూడో అధ్యాయం తొమ్మిది పొద్దుల్లో పూర్తయింది. ఈరప్ప గాయపడి బురుజు మీద పడి ఉన్నాడు. గడియ మీద మాసయ్య చెయ్యి ఉంది. ఆ చేతికి కురుమూర్తి దేన్నీ దాచుకోకుండా ఇచ్చాడు: సంతలో చూసిన రైతు దోసిలి, చిన్నప్పుడు తన ఇంటి కొట్టంలో దాహంతో అరిచిన ఆవు, తన తండ్రి మాట్లాడే తీరు, తన అక్క జానకమ్మ భయపడ్డప్పుడు కొంగు నోట్లో కుక్కుకునే అలవాటు. మాసయ్య గడియ తీశాడు. ఆ వాక్యం రాశాక కురుమూర్తి లేచి వాకిట్లోకి పోయి, ఉమారాణికి కనబడకుండా ఏడ్చాడు. తన రాతలో ఇంత బాగా వచ్చింది ఇంతకుముందు లేదని ఆయనకు తెలుసు, అందుకు సంతోషం కూడా వేసింది. నాలుగో సంపుటం పథకం మొత్తం తలకిందులైంది. ఈరప్ప పిల్లల కథ కావాల్సింది మాసయ్య పిల్లల కథ కావాలి. టీకాల రిజిస్టరులో పాత పేజీలు చింపి పొయ్యిలో వేశాడు.

ఉజ్మా ఆ అధ్యాయాన్ని ఆపకుండా కొట్టింది. చివరి పేజీ దగ్గర ముక్కు చీదుకొని, "ఇది మీరు రాసింది" అంది. "ఈ మాసయ్య నిజంగ ఉండెనా సార్?" అని కూడా అడిగింది. కురుమూర్తి కాగితాలు సంచిలో సర్దుకున్నాడు.

పుస్తకం వచ్చింది. రేగుదిన్నె వాళ్లు గాయపడిన ఈరప్పను చదువుకొని గద్దెకు ఇంకో వరస కట్టారు. అన్ని ఊళ్లకూ పోయినట్టే ఒక ప్రతి సొంతూళ్లో పుట్టింట్లోనే ఉంటున్న అక్క జానకమ్మకూ పోయింది. తల్లి పోయాక కురుమూర్తిని పెంచింది ఆమే. తమ్ముడి పుస్తకం వస్తే వేలు పెట్టుకొని అక్షరం అక్షరం చదువుతుంది, నెల పడుతుంది. చదివినంత మేర ఇరుగుపొరుగుకు చెబుతుంది. అందుకని ఆమె ఫోను నెల దాటాక వచ్చింది.

ఆ రోజు సంత. మైదానమంతా గొడ్లు, దుమ్ము, దళారీల కేకలు. కురుమూర్తి షెడ్డు కింద బల్ల వేసుకొని ఎద్దుల పళ్లు చూసి వయసు కట్టి కాగితాలు రాసిస్తున్నాడు. ఎదురుగా రేగుదిన్నె గోవిందు కోడెల జతతో నిలబడి ఉన్నాడు, తన కాగితం కోసం. ఫోను మోగింది.

"తమ్మీ, మంచిగున్నవా?" జానకమ్మ గొంతు చిన్నగా ఉంది. "పుస్తకం చదివిన."

"ఎట్లుందక్కా?"

"మంచిగుంది. ఏడ్చిన." అంది జానకమ్మ. "తమ్మీ, వడ్లు పోయనీకె సర్కారు కొనే కాడికి పోయిన నిన్న. లైన్ల నిలబడితె ఒకడు అంటుండు, గడియ తీసినోళ్లకు లైన్ ఎందుకు, వాళ్లే తీస్కొని లోపటికి పోతరు గదా అని. అందరు నవ్విన్రు. గుడ్డెద్దోళ్లంటె మనం కూడ నవ్వుదుము గదా. ఇది నవ్వనీకె వస్తలేదు. చిన్న మనుమరాలు రేఖను కూడ బడిల గట్లనే పిలుస్తుండ్రంట."

కురుమూర్తి చేతిలో కలం ఆగిపోయింది. గోవిందు కోడె మెడ నిమురుతూ ఇటే చూస్తున్నాడు.

"నేను వాళ్లతోని కొట్లాడిన. మా తమ్ముడు ఊకె కత రాసిండు, మాసయ్య లేడు గీసయ్య లేడు అన్న. వాళ్లు నీ వీడియో పెట్టిన్రు, నాకే. నేనే అందరికి పంపితిని గదా అప్పుడు. నిజం కాకపోతె నేనెట్ల రాస్త అంటున్నవు అండ్ల. ఈరప్ప నిజమైతె మాసయ్య ఎట్ల అబద్ధమైతడు అని అడిగిన్రు. నాకు జవాబు రాలే." జానకమ్మ ఊపిరి తీసుకున్న చప్పుడు ఫోనులో వినబడింది. "నువ్వు చెప్పు. నువ్వు ఏది చెప్తె అదే నమ్ముత. మనోడు తీసిండా?"

లేదక్కా అనడానికి నోరు తెరిచాడు కురుమూర్తి. లేదు అంటే జానకమ్మ ఆ మాటను ఇవాళే ఊరంతా చెబుతుంది, చెప్పకుండా ఆమె ఉండలేదు, ఉండమని అడగడం అన్యాయం. బల్మూరు వాళ్లు ఈ సంతకే వస్తారు. మానవపాడు వాళ్లూ ఈ సంతకే వస్తారు. అక్కడ మాసయ్య లేకపోతే రేగుదిన్నెలో ఈరప్ప కూడా ఉండడు, ఆటో స్టాండులో రాధమ్మ కొడుకును మళ్లీ పాత పేరుతో పిలుస్తారు. గోవిందు ఇంకా ఇటే చూస్తున్నాడు. పెంచిన చేతులు ఒక వైపు, అడగకుండా తీసుకున్న ఇల్లు ఒక వైపు. రెండింటి నడుమా ఎటూ కదల్లేకపోయాడు.

"తీసిండక్కా" అన్నాడు. "నిజమే."

అక్క అటు కొంగు నోట్లో కుక్కుకొని ఉంటుంది అనుకున్నాడు.

"నాయిన మాకు ఎన్నడు చెప్పలే ఈ ముచ్చట" అంది జానకమ్మ. "పాపం, ఆయనకు తెల్సే దాచిండేమో. మనం బాధపడ్తమని." తర్వాత, "సరే తీ. నిజమైనంక ఏం జేస్తం, మోసుకుంటం. అన్నం ఏళకు తిను, ఎండల తిరగకు" అని ఫోను పెట్టేసింది.

కురుమూర్తి ఫోను జేబులో వేసుకొని కాగితం ముందుకు లాక్కున్నాడు. కోడెల రంగు, వయసు, కొమ్ముల తీరు రాయడానికి మామూలుకంటే ఎక్కువ సేపు పట్టింది. గోవిందు కాగితం అందుకుంటూ ఆప్యాయంగా అడిగాడు.

"ఇంటికాడ అందరు మంచిగున్నరా సారూ?"

"మంచిగున్నరు" అన్నాడు కురుమూర్తి.